ఊరు మారిన ఇంట్లో పిల్లలు



బ్రతుకుదెరువు కొరకు స్వంత ఊరు విడిచి వచ్చిన మన కుటుంబములలో తరచుగా వినబడే మాట ఒకటున్నది. “ఊళ్లో ఉన్నప్పుడు మావాడు ఇట్లా లేడు. ఇక్కడికి వచ్చినాకనే మొండికేస్తున్నాడు. చెప్పిన మాట వినడు, అన్నం తినడు, చెల్లెల్ని కొడతాడు.” ఈ మాట వెనుక సాధారణముగా రెండు తీర్పులలో ఒకటి వస్తుంది. పిల్లవాడు చెడిపోయినాడని ఒక తీర్పు. ఈ ఊరి సావాసము మంచిది కాదని ఇంకొక తీర్పు.

ఈ తీర్పులు చెప్పకముందు మనము అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ ఆరు నెలలలో ఆ బిడ్డ బ్రతుకులో ఎన్ని మారినవి? ఇల్లు, ఊరు, బడి, భాష, స్నేహితులు, అవ్వ ఒడి, తండ్రి ఇంటికి వచ్చే వేళ, తల్లి ముఖములోని నిమ్మళము - ఇవన్నీ లెక్క వేసి చూడండి. ఒకేసారి ఇన్ని మారితే పెద్దవారికైనా నిద్ర పట్టదు. మనము ఎందుకు వచ్చామో మనకు తెలుసు. బిడ్డకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, బిడ్డను ఎవరూ అడుగలేదు.

ఈ పాఠములో మనము నేర్చుకొనవలసినది ఇది: మార్పు వచ్చినప్పుడు బిడ్డ ప్రక్కన మారకుండా నిలిచిన ఒక మనిషి, మారకుండా నిలిచిన కొన్ని అలవాట్లు ఉంటే బిడ్డ తట్టుకొంటాడు. అవి కూడా మార్పుతో పాటే కొట్టుకొనిపోతే తట్టుకోలేడు. ఊరు మారకుండా ఉండుట మన చేతిలో లేకపోవచ్చును. ఆ మనిషిని, ఆ అలవాట్లను నిలుపుట మాత్రము చాలావరకు మన చేతిలోనే ఉన్నది.

1. తోరణగల్లులో మన కాపురములు

బళ్లారి సీమ తెలుగువారికి క్రొత్త కాదు. మద్రాసు రాష్ట్రములో ఉన్న రోజులలో బళ్లారి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము అన్నీ ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అందులో చేరాయి. బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరింది. నడుమ సరిహద్దు పడినా చుట్టరికములు తెగలేదు. పని కొరకు ఇటు వచ్చుట, పండుగకు అటు పోవుట నాటినుండి జరుగుతూనే ఉన్నది. ఆదోని, కోసిగి వైపు పల్లెలలో పని వెదకికొంటూ కుటుంబముతో వెళ్లుటకు ‘సుగ్గికి పోవుట’ అని పేరే ఉన్నది.

తోరణగల్లు సండూరు తాలూకాలోనిది. బళ్లారికి హోసపేటకు నడుమ రహదారి మీద, గుంతకల్లు నుండి వచ్చే రైలు దారి మీద ఉన్నది. 1971లో అప్పటి ప్రధానమంత్రి ఇందిరాగాంధీ ఇక్కడ ప్రభుత్వ ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేశారు. ఆ కర్మాగారము కట్టబడలేదు. 1994లో జిందాల్ విజయనగర్ స్టీల్ అను సంస్థ ఏర్పడి ఇక్కడ కర్మాగారము కట్టింది. అదే నేడు జె.ఎస్.డబ్ల్యు. స్టీల్ వారి విజయనగర కర్మాగారముగా దేశములోని పెద్ద ఉక్కు కర్మాగారములలో ఒకటిగా ఉన్నది. దానితో పాటు కాంట్రాక్టు పనులు, లారీలు, టిప్పర్లు, హోటళ్లు, అద్దె గదులు పెరిగాయి. అనేక రాష్ట్రముల మనుష్యులు వచ్చి చేరారు. వారిలో మనవారు చాలామంది.

పెద్దవారికి ఇది పని దొరికిన ఊరు. బిడ్డ కండ్లతో చూస్తే ఇంకొక ఊరు కనబడుతుంది. పల్లెలో వీధి అంతా ఆడుకొనే స్థలమే. ఇక్కడ ఒక్క గది. బయట లారీల దారి, ఎర్రని దుమ్ము. పల్లెలో తలుపు తీస్తే పెద్దమ్మ, పిన్ని, తాత. ఇక్కడ తలుపు తీస్తే పేరు తెలియని మనుష్యులు, తెలియని భాష. తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకొంటే ఆ ఒక్క గదిలో బిడ్డ నోరు మెదపరాదు, ఆటబొమ్మ చప్పుడు చేయరాదు. ఒక వారము నాయన ఉదయము కనబడతాడు, ఇంకొక వారము సాయంకాలము కనబడతాడు, మరియొక వారము నిద్రలోనే కనబడతాడు. నాలుగేండ్ల బిడ్డకు షిఫ్టు అనే మాట తెలియదు. నాయన ఎప్పుడు ఉంటాడో చెప్పలేము అన్నంత మాత్రమే తెలుస్తుంది.

2. ప్రవర్తన కూడా ఒక భాషే

బిడ్డకు దిగులు పుడితే “నాకు దిగులుగా ఉన్నది” అని చెప్పలేడు. ఆ మాట చెప్పుటకు మాటలే కాక మనసును గమనించే వయసు కూడా రావాలి. అందుచేత దిగులు ఒంటి ద్వారా, ప్రవర్తన ద్వారా బయటికి వస్తుంది. వయసును బట్టి దాని రూపము మారుతుంది.

రెండేండ్లలోపు బిడ్డ: పాలు, తిండి తగ్గును. రాత్రులు ఉలిక్కిపడి లేచును. తల్లి చంక దిగడు. ఆరేడు నెలలు దాటిన బిడ్డ తనవారెవరో పరాయివారెవరో గుర్తుపట్టును గనుక, ఈ వయసులో చేతులు మారుట అతనికి పెద్ద సంగతి.

మూడు నుండి ఐదేండ్ల బిడ్డ: మానిన పక్క తడుపుట మరల మొదలగును. వ్రేలు నోట పెట్టును. వచ్చిన మాటలు వదలి చిన్నబిడ్డవలె మాటలాడును. దీనిని వెనుకకు పోవుట అనవచ్చును. సుఖముగా ఉన్న నాటి అలవాటులోకి బిడ్డ తలదాచుకొంటున్నాడన్నమాట. ఈ వయసు పిల్లలు ఇంట జరిగిన ప్రతి కష్టమునకు తామే కారణమనుకొంటారు. “నేను అల్లరి చేసినందుకే నాయన వేరే ఊరికి పోయినాడు” అని నమ్మే బిడ్డ ఉంటాడు. మనము అడిగితే తప్ప అది బయటికి రాదు.

ఆరు నుండి పదేండ్ల బిడ్డ: బడి వేళకు కడుపునొప్పి, తలనొప్పి. ఆదివారము ఉండదు, సోమవారము వస్తుంది. ఇది నటన అని కొట్టుట తప్పు. భయము వలన నిజముగానే కడుపు నొప్పి పుడుతుంది. కొందరు కొట్లాటలకు దిగుతారు, కొందరు బొత్తిగా మాటలు మానుతారు.

పదకొండు దాటిన పిల్లలు: మగపిల్లవాడు బడి మాని పనికి పోతానంటాడు. ఆడపిల్ల తమ్ముణ్ణి, వంటను, నీళ్లను నెత్తిన వేసుకొని తల్లి పాత్ర వహిస్తుంది, మనము మెచ్చుకొంటాము, ఒకనాడు ఆమె బడి మానిపోయినది కూడా గమనించము.

అల్లరి చేయు బిడ్డ మన దృష్టికి వస్తాడు. మౌనముగా ఉన్న బిడ్డ రాడు. “చాలా బుద్ధిమంతుడు, ఏమీ అడగడు” అని మనము చెప్పుకొనే బిడ్డను ఒకసారి ప్రత్యేకముగా గమనించవలెను.

దీనికి శరీరములో కారణమున్నది. భయము కలిగినప్పుడు శరీరము కార్టిసాల్ మొదలైన రసములను విడుదల చేసి గుండెను, కండరములను సిద్ధము చేస్తుంది. కొంతసేపటికి నమ్మిన మనిషి ఒడిలో బిడ్డ నెమ్మదించితే శరీరము కూడా మామూలు స్థితికి వస్తుంది. దాని వలన హాని లేదు. ఆ భయము నెలల తరబడి ఉండి, నెమ్మదింపజేయు మనిషి లేనప్పుడు శరీరము ఎప్పుడూ కాపలా కాస్తున్నట్లే ఉంటుంది. అప్పుడు నిద్ర, జ్ఞాపకము, ఏకాగ్రత దెబ్బ తింటాయి. పాఠము తలకెక్కని బిడ్డ సోమరి కానక్కర లేదు. అతని మనసు వేరే కాపలాలో ఉండవచ్చును.

3. అవ్వ దగ్గర విడిచి వచ్చిన బిడ్డ

మనలో చాలామంది చిన్నబిడ్డను ఊరిలో అవ్వ దగ్గర విడిచి వస్తారు. ఇక్కడ చూచుకొనేవారు లేరు, గది చాలదు, ఇద్దరూ పనికి పోవాలి. ఈ నిర్ణయము ప్రేమ లేక తీసుకొన్నది కాదు. అయినను బిడ్డ మనసులో ఏమి జరుగునో తెలిసికొని తీసుకొనుట మంచిది.

1952లో ఇంగ్లాండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అను పరిశీలకుడు ఆసుపత్రిలో చేర్చిన రెండున్నర ఏండ్ల పాపను గూర్చి ఒక చలనచిత్రము తీశాడు. ఆ రోజులలో తల్లిదండ్రులను బిడ్డ ప్రక్కన ఉండనిచ్చేవారు కారు. ఆ పాప అక్కడ ఉన్నది ఎనిమిది రోజులే. ఆయన, జాన్ బౌల్బీ అను వైద్యుడు కలిసి ఇట్టి పిల్లలలో మూడు దశలను గుర్తించారు. మొదట బిడ్డ ఏడ్చి, కేకలు వేసి తల్లిని పిలుచును. తరువాత అడుగుట మానివేసి దిగులుగా కూర్చుండును. ఆ తరువాత తేరుకొన్నట్లు కనబడును. ఎవరు ఎత్తుకొన్నా పోవును. తల్లి వచ్చినా పట్టించుకొనడు. “అలవాటు పడినాడు” అని అప్పటి వైద్యులు అనుకొనేవారు. నిజమునకు అది బిడ్డ ఆశ వదలుకొన్న దశ. ఈ పరిశీలనలు వైద్యుల అభిప్రాయమును మార్చాయి. 1959లో ప్లాట్ కమిటీ నివేదిక పిల్లలున్న వార్డులలోకి తల్లిదండ్రులను రానివ్వాలని సిఫారసు చేసింది.

అవ్వ ఇల్లు ఆసుపత్రి కాదు. అక్కడ ప్రేమ ఉన్నది, తెలిసిన ముఖములున్నవి. అందుచేత బిడ్డ చాలా మేలుగా తట్టుకొంటాడు. కాని మనము ఆరు నెలలకు పండుగకు పోయినప్పుడు బిడ్డ మన దగ్గరికి రాక అవ్వ చీర చాటున దాగినాడంటే, అది మన మీద ద్వేషము కాదు, అవ్వ నేర్పిన మాట అంతకన్నా కాదు. “మరల పోతారు గదా” అను భయము. అప్పుడు కోపపడకుండా, బలవంతముగా ఎత్తుకొనకుండా, బిడ్డ దగ్గర కూర్చుని కనిపెట్టుకొని ఉండుటే మార్గము.

ఇంకొక సంగతి మనము తరచుగా మరచిపోతాము. ఐదేండ్లకు బడిలో వేయుటకు బిడ్డను తోరణగల్లుకు తెచ్చుకొంటాము. మనకు అది బిడ్డ మరల ఇల్లు చేరిన సంతోషదినము. బిడ్డకు అది అవ్వను పోగొట్టుకొన్న దినము. మూడేండ్లు అన్నము పెట్టి, ప్రక్కలో పండుకొనబెట్టుకొన్న మనిషి ఒక్కరోజులో మాయమయినది. క్రొత్త ఇంట్లో ఆ బిడ్డ చేయు అల్లరిలో సగము ఆ ఏడుపే. “ఇంకా అవ్వ అవ్వ అంటావేమిటి, నేను నీ అమ్మను కానా?” అని గద్దించితే బిడ్డకు ఏడ్చుటకు కూడా చోటు లేకుండా పోవును. అవ్వను గూర్చి మాటలాడనివ్వండి. ప్రతి వారము ఒకే వేళకు ఫోనులో అవ్వ ముఖము చూపించండి. వీలయితే మొదటి నెల అవ్వనే వెంటబెట్టుకొని రండి.

4. ఇంట డబ్బు ఆగినప్పుడు

మన ప్రాంతములో ఒక సంవత్సరము చాలామందికి జ్ఞాపకముండును. 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజపు త్రవ్వకములను నిలిపివేసింది. చట్టము మీరి జరిగిన త్రవ్వకముల వలన ఈ నేలకు జరిగిన నష్టము చూచి ఇచ్చిన ఆజ్ఞ అది. 2013లో నిబంధనలకు లోబడిన గనులు తిరిగి తెరచుటకు అనుమతి లభించింది. ఆ నడుమ కాలములో లారీ తోలినవారు, లోడింగు చేసినవారు, అప్పు చేసి టిప్పరు కొన్నవారు చేతులు ముడుచుకొని కూర్చున్నారు. మరల 2020 మార్చి 25 నుండి కొవిడ్ లాక్‌డౌనులో పనులు ఆగాయి, బళ్లు మూతపడ్డాయి. ఆ ఏడాది జూన్‌లో తోరణగల్లు కర్మాగారపు ఉద్యోగులలోనే కొవిడ్ కేసులు పెరిగినప్పుడు జీతపు దిగులుకు ప్రాణభయము తోడయింది.

ఇట్టి కాలములలో కష్టము బిడ్డను ఏ దారిన చేరుతుంది? దీనిని గూర్చి అమెరికాలో గ్లెన్ ఎల్డర్ అను పండితుడు 1974లో ఒక పుస్తకము ప్రచురించాడు. 1930 ప్రాంతపు ఆర్థిక మాంద్యములో తండ్రుల ఆదాయము పడిపోయిన ఇళ్లలోని పిల్లలను ఏండ్ల తరబడి గమనించిన వివరములు అందులో ఉన్నవి. ఆయన చూపినదేమంటే, డబ్బు తగ్గుట కన్న డబ్బు తగ్గినందున తండ్రి చిరాకు పెరుగుట, భార్యాభర్తల తగవులు పెరుగుట, చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడుట - ఈ దారిలోనే కష్టము పిల్లలను ఎక్కువగా తాకింది. ఒకపూట పప్పు లేకపోయినా బిడ్డ మరచిపోవును. నాయన చేయి ఎప్పుడు లేస్తుందో తెలియని రాత్రి మరువడు.

ఆయన పరిశోధనలలో మరొక సంగతి ఉన్నది. మాంద్యము వచ్చేనాటికి పది దాటిన పిల్లలు ఇంటి పనులలో, చిన్న సంపాదనలో చేయి వేశారు. తమ వలన ఇంటికి ఉపయోగమున్నదని తెలిసి చాలామంది గట్టిపడ్డారు. అప్పటికి చాలా చిన్నవారుగా ఉన్నవారు, అందులోను మగపిల్లలు, ఎక్కువగా దెబ్బ తిన్నారు. పసిబిడ్డకు ఏమీ తెలియదులే అని మనము అనుకొనుట ఎంత పొరపాటో ఇందువలన తెలియుచున్నది.

కనుక పని ఆగినప్పుడు పిల్లల యెదుట దాచుట గాని, వారి నెత్తిన పడవేయుట గాని మంచిది కాదు. వారి వయసుకు తగిన నిజము చెప్పాలి. “నాయనకు ఈ నెల పని లేదు. తిండికి లోటు రాకుండా చూస్తాము. ఈ నెల క్రొత్త బూట్లు కొనము. దీనికి నువ్వేమీ కారణము కాదు.” ఈ నాలుగు మాటలు చాలు. అప్పులవారి తగాదా, మందు సీసా, పెద్దల చేయి చేసుకొనుట - ఇవి బిడ్డ కండ్ల ముందు జరుగకుండా చూచుకొనుట తిండి పెట్టినంత ముఖ్యము.

5. కష్టములు కూడినప్పుడు

ఇంగ్లాండులో మైకేల్ రట్టర్ అను మానసిక వైద్యుడు పదేండ్ల వయసు పిల్లల కుటుంబములను పరిశీలించి 1979లో ఒక లెక్క చూపించాడు. తలిదండ్రుల తగవులు, పేదరికము, ఇరుకు ఇల్లు, తల్లి మానసిక అనారోగ్యము వంటి కష్టములలో ఏదో ఒక్కటి మాత్రమే ఉన్న పిల్లలు, ఏ కష్టము లేని పిల్లలకన్న ఎక్కువగా మానసిక బాధలకు లోను కాలేదు. రెండు కలిసినప్పుడు ఆ బాధలు నాలుగు రెట్లయినవి. ఇంకను కూడిన కొలది ఇంకను పెరిగినవి.

ఇది మనకు భయము పుట్టించు మాట కాదు, ఆశ పుట్టించు మాట. అన్ని కష్టములను మనము తీసివేయలేము. ఉన్న నాలుగింటిలో ఒకటి తీసినా బిడ్డ మీది బరువు చాలా తగ్గును. ఇల్లు ఇరుకైనా తగవు మానవచ్చును. జీతము తగ్గినా బడి మానిపించకుండవచ్చును. ఊరు మారవలసి వచ్చినప్పుడు సంవత్సరము నడుమ గాక వేసవి సెలవులలో మారితే ఒక బరువు తగ్గును. పుట్టబోయే బిడ్డ, క్రొత్త ఊరు, క్రొత్త బడి - ఈ మూడు ఒకే నెలలో రాకుండా చూచుకొంటే మరియొకటి తగ్గును.

6. బడి, భాష

తెలుగు మాత్రమే వచ్చిన బిడ్డను కన్నడ బడిలో గాని ఇంగ్లీషు బడిలో గాని కూర్చుండబెడితే మొదటి కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు కొన్ని నెలలు, అతడు నోరు తెరువడు. ఇది మందబుద్ధి కాదు. వింటున్నాడు, పోగుచేసుకొంటున్నాడు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు గనుక అక్షరములు త్వరగానే పట్టుబడతాయి. కెనడాలో వలస పిల్లలను పరిశీలించిన జిమ్ కమ్మిన్స్ అను విద్యావేత్త 1980 దశకపు ఆరంభములో చూపినదేమంటే, క్రొత్త భాషలో ఆటపాటల మాటలు సుమారు రెండేండ్లలో వస్తాయి. పాఠపుస్తకపు భాషలో తోటివారిని అందుకొనుటకు ఐదు నుండి ఏడేండ్లు పట్టును. వీధిలో గలగల కన్నడము మాటలాడుతున్నాడు గదా, పరీక్షలో ఎందుకు తప్పినాడు అని కొట్టకముందు ఈ సంగతి జ్ఞాపకము చేసుకొనవలెను.

కన్నడము త్వరగా రావాలని ఇంట తెలుగు మానివేయవద్దు. దిగులు, భయము చెప్పుకొనే భాష తల్లిభాషే. ఆ తలుపు మూస్తే బిడ్డ లోపల ఏమున్నదో మనకు తెలియదు. అవ్వతో మాటలాడే భాష కూడా అదే.

చేర్పించుటలో ఇబ్బంది పెట్టినప్పుడు తెలియవలసిన చట్టము ఒకటున్నది. 2009 విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ఆరు నుండి పద్నాలుగేండ్ల బిడ్డను ఆ వయసుకు తగిన తరగతిలో చేర్చుకొనవలెను. వెనుకబడిన భాగము ప్రత్యేక శిక్షణతో నేర్పవలెను. పాత బడి టీసీ ఆలస్యమయినదని గాని, వయసు పత్రము లేదని గాని చేర్చుకొనుట మానరాదు. ఆరేండ్లలోపు బిడ్డకు అంగన్‌వాడీ ఉన్నది. పని కొరకు వచ్చి ఉంటున్నవారి బిడ్డలు కూడా అక్కడికి పోవచ్చును. తల్లి పనికి పోయినప్పుడు పసిబిడ్డను ఎనిమిదేండ్ల అక్క చేతిలో పెట్టి ఆమె బడి మాన్పించుటకన్న ఇది ఎంతో మేలు.

7. నిలబడిన పిల్లల సంగతి

పసిఫిక్ సముద్రములోని హవాయి దీవులలో కవాయి అను దీవి ఉన్నది. చెరకు తోటలలో కూలికి వచ్చిన వలస కుటుంబములు అక్కడ అనేకము. ఎమ్మీ వెర్నర్ అను పరిశోధకురాలు 1955లో అక్కడ పుట్టిన 698 మంది పిల్లలను పెద్దవారగువరకు గమనించింది. పేదరికము, తగవులు, తాగుడు వంటి అనేక కష్టముల నడుమ పెరిగినవారిలో ప్రతి ముగ్గురిలో ఒకరు చక్కని, బాధ్యతగల మనుష్యులైనారు. వారిలో కనబడిన సామాన్య విషయములు మూడు. బిడ్డను విడువక చూచుకొన్న మనిషి కనీసము ఒకరు ఉన్నారు. అది తల్లి కానక్కర లేదు, అవ్వ గాని, అక్క గాని కావచ్చును. ఇంట వారికంటూ అప్పగించిన పని ఒకటి ఉన్నది. ఇంటి బయట వారిని పేరు పెట్టి పిలిచి పట్టించుకొన్న పెద్దవారు - ఒక ఉపాధ్యాయుడు, ఒక పొరుగింటివారు, ఒక సంఘపు పెద్ద - ఉన్నారు.

ఈ మూడింటిలో డబ్బుతో కొనవలసినది ఒక్కటియు లేదు.

8. మనము చేయవలసిన పనులు

ఒకటి: ఊరు మారకముందే చెప్పండి. ఎక్కడికి పోతున్నాము, ఎవరు వస్తారు, ఎవరు రారు, మరల ఎప్పుడు వస్తాము - ఇవి నిజముగా చెప్పండి. నిద్రపోతున్నప్పుడు విడిచిపోవుట, “సంతకు పోయి వస్తాను” అని చెప్పి మూడు నెలలకు రావుట చేయవద్దు. తరువాత తల్లి బావి దగ్గరికి పోయినా బిడ్డ ఏడ్చును.

రెండు: పాత వస్తువు ఒకటి వెంట తెండి. అవ్వ చీర ముక్క, పాత దుప్పటి, తెలిసిన గిన్నె. పెద్దవారికి చింకిగుడ్డ, బిడ్డకు అది ఇల్లు.

మూడు: షిఫ్టు మారినా ఒక వేళ మారనివ్వవద్దు. పండుకొనే వేళ గాని, కలిసి తినే ఒక పూట గాని వారమంతా ఒక్కలాగే ఉంచండి. నాయన షిఫ్టును గోడమీది క్యాలెండరులో రంగు పెన్సిలుతో బిడ్డ చేతనే గుర్తు పెట్టించండి. “ఈ రోజు నాయన రాత్రి డ్యూటీ. పొద్దున నువ్వు లేచేసరికి వస్తాడు” అని చెప్పండి, చెప్పినట్లే జరుగనివ్వండి.

నాలుగు: పక్క తడిపిన బిడ్డను పదిమందిలో సిగ్గుపరచవద్దు. దుప్పటి మార్చి ఊరకుండండి. సాధారణముగా బిడ్డ కుదుటపడిన కొలది అదే మానును.

ఐదు: పెద్దబిడ్డకు పని చెప్పండి, భారము మోపవద్దు. నీళ్లు పట్టుట పని. బడి మాని తమ్ముణ్ణి పెంచుట భారము.

ఆరు: ఆదివారపు బడి బోధకులు క్రొత్తగా వచ్చిన బిడ్డ పేరు మొదటి వారమే నేర్చుకొనవలెను. వెనుక వరుసలో ఊరకున్న బిడ్డ ప్రక్కన తెలుగు వచ్చిన మరొక బిడ్డను కూర్చుండబెట్టవలెను. రెండు వారములు కనబడకపోతే ఇంటికి పోయి అడుగవలెను.

9. ఎప్పుడు సహాయము అడుగవలెను?

మార్పు వలన కలిగిన అల్లరి, దిగులు చాలామంది పిల్లలలో కొన్ని వారములలో, కొన్ని నెలలలో తగ్గును. తగ్గక పెరుగుచున్నప్పుడు, తిండి నిద్ర చెడి బరువు తగ్గినప్పుడు, వచ్చిన మాట పోయినప్పుడు, తన్ను తాను గాయపరచుకొన్నప్పుడు, చావు మాట ఎత్తినప్పుడు ఆలస్యము చేయరాదు. చావు మాట ఎత్తిన బిడ్డను ఒంటరిగా విడువరాదు. తాయెత్తుతో, తన్నులతో పోయేది కాదు. మానసిక వైద్యము సిగ్గుపడవలసినది కూడా కాదు. 1980 దశకములో బెంగళూరు నిమ్హాన్స్ వారు మానసిక వైద్యమును పల్లెలలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు చేర్చవచ్చునని జిల్లా స్థాయిలో మొదట చేసి చూపించినది మన బళ్లారి జిల్లాలోనే. 1996లో దేశములో ప్రారంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమునకు ఇదే మాదిరి అయింది. బళ్లారి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పోవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ వారికి 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. బిడ్డను ఎవరైనా కొట్టి హింసించుచున్నారన్నా, పనిలో పెట్టినారన్నా 1098కి చెప్పవచ్చును.

10. కలిసి మాటలాడుకొనుటకు ప్రశ్నలు

(అ) గడచిన సంవత్సరములో మన ఇంట బిడ్డకు మారినవి ఏవేవి? కాగితము మీద వ్రాయండి. మారకుండా ఉన్నవి ఏవేవి? అవి కూడా వ్రాయండి. ఏ వరుస పొడుగుగా ఉన్నది?

(ఆ) ఊరిలో విడిచి వచ్చిన బిడ్డ ఉంటే, మనము మరల ఎప్పుడు వస్తామో ఆ బిడ్డకు తెలుసా? చెప్పిన దినమునకు పోయామా?

(ఇ) పని లేని నెలలో మన కోపము ఎవరి మీద పడుతున్నది?

(ఈ) మన వీధిలో, మన సంఘములో క్రొత్తగా వచ్చిన బిడ్డలు ఎందరు? వారి పేర్లు మనకు తెలుసా?

ఈ ప్రశ్నలను భార్యాభర్తలు కలిసి కూర్చుని చదువవలెనని మా మనవి. ఐదేండ్లు దాటిన పిల్లలుంటే మొదటి ప్రశ్నకు జవాబు వారినే అడగండి. మనము వ్రాసిన జాబితాలో లేనిది ఒకటి వారు తప్పక చెప్తారు. అది కుక్కపిల్ల కావచ్చును, చింతచెట్టు కావచ్చును, పక్కింటి స్నేహితుడు కావచ్చును. చెప్పినప్పుడు నవ్వకుండా వినండి.